మా నాయిన గురి

మా ఆవిడ తమ్ముడు టెక్సాస్ నుంచి వచ్చి మా ఇంట్లో దిగిన మూడోరోజున, ఉప్మా ప్లేటు పక్కన పెట్టి, "బావా, నేనొక తుపాకి కొన్నాను" అని చల్లగా చెప్పాడు. మా ఆవిడ చేతిలో గరిటె ఆగిపోయింది. మా అమ్మాయి కళ్లు చేటలంతయినాయి. నేను ఇరవై యేళ్లుగా కాలేజీలో ఛందస్సు చెప్పుకుంటూ బతుకుతున్నవాణ్ణి. "ఎందుకురా నాయనా?" అన్నాను. అంతకంటె తెలివైన ప్రశ్న నాకు తట్టలేదు.

"వేటకు కాదు బావా, కాపలాకూ కాదు. అందం కోసం!" అన్నాడు వాడు.

తుపాకికీ నీకూ ఏమిటయ్యా సంబంధం అని మీరు అడగవచ్చు. మలక్‌పేటలో కాపురం ఉన్నవాడికి ఆ సంబంధం తప్పదు లెండి. మా ఇంటికి నాలుగడుగుల దూరంలోనే అస్మాన్‌గఢ్ గుట్టమీద మొస్సే రేమండ్ సమాధి ఉంది. 1755లో ఫ్రాన్సులో పుట్టి, నిజాం అలీఖాన్ కొలువులో చేరి, సైన్యాన్ని నడిపి, ఫిరంగులు పోతపోయించి, 1798లో ఇక్కడే కన్నుమూసినవాడు. ఆయన్ను ముసల్మానులు మూసా రహీం అనీ, హిందువులు మూసా రాం అనీ పిలుచుకున్నారట. అదే ఇవాళ్టి మూసారాంబాగ్. ఆయన ఫిరంగులు పోయించిన చోటు ఇప్పటికీ గన్‌ఫౌండ్రీయే. అంచేత మా పేటవాళ్లం ఆయుధాలకు దూరపు చుట్టాలం.

సరే, మావాడు సెల్‌ఫోను తీసి తుపాకి ఫోటో చూపించాడు. ఏమాటకామాట చెప్పుకోవాలి, నిజంగానే అందంగా ఉంది. ఎనిమిది పలకలుగా చెక్కిన పొడుగాటి ఇనప గొట్టం, నున్నగా నూనె పట్టించిన వాల్‌నట్ కర్ర మడమ, నడుమ ఇనప భాగం మీద నెమలికంఠపు రంగులు. పూర్వం ఎముకల బొగ్గులో పెట్టి కాల్చి నీళ్లలో ముంచితే ఉక్కుకు ఆ రంగులు వచ్చేవట. పేరు షార్ప్స్, 1874 నమూనా. ఒక్కసారికి ఒక్కటే తూటా. మీటకు కాపుగా ఉండే ఇనప చట్రాన్ని కిందికి లాగితే లోపలి దిమ్మ దిగుతుంది. తూటా పెట్టి చట్రం పైకి నొక్కితే దిమ్మ మూసుకుంటుంది. పేలిస్తే సరి. రెండోదానికి మళ్లీ మొదటినుంచీ రావలసిందే.

"అయితే నూట యాభై యేళ్లనాటి తుపాకా?" అన్నాను.

"కాదు బావా, కొత్తదే. అసలు కంపెనీ 1881లోనే మూతపడింది. ఇది ఇటలీలో చేసిన నకలు."

ఇటలీలో గార్డోనె వాల్ త్రోంపియా అనే కొండలోయ ఊరుందట. వందల యేళ్లుగా తుపాకులు చెయ్యడమే అక్కడి వృత్తి. 1957లో పెదెర్‌సోలి, 1959లో ఉబెర్తి అనే ఇళ్లవాళ్లు, అమెరికావాళ్ల తాతలనాటి తుపాకులకు నకళ్లు చెయ్యడం మొదలుపెట్టారు. అప్పటికి అమెరికాలో అంతర్యుద్ధం జరిగి నూరేళ్లు కావస్తూంది. అందరికీ పాత తుపాకుల మీద మోజు పుట్టింది. ఆ మీదట 1990లో 'క్విగ్లీ డౌన్ అండర్' అనే సినిమాలో కథానాయకుడు షార్ప్స్ పట్టుకుని తిరిగేసరికి ఆ మోజు మరింత పెరిగింది. సినిమా చూసి జుట్టు కత్తిరింపు మార్చుకున్నవాళ్లను మనమూ చూశాం గదా!

మావాడి బాధల్లా ఒక్కటే. తుపాకికి ఏ గురిపరికరం పెట్టించాలి? పదిహేనేళ్ల కొడుకేమో, "దుర్భిణి బిగించు నాన్నా, స్పష్టంగా కనిపిస్తుంది" అంటాడట. ఆ కుర్రవాడి దగ్గర ఋజువు కూడా ఉంది. 1967లో అమెరికాలో రూగర్ కంపెనీ 'నంబర్ వన్' అనే ఒంటి తూటా రైఫిలు తెచ్చింది. జాన్ ఫార్కర్సన్ అనే స్కాట్లండువాడు 1872లో పేటెంటు పుచ్చుకున్న తీరును ఆదర్శంగా పెట్టుకుని చేసిన కొత్త తుపాకి అది. సొగసంతా పాత ఇంగ్లీషు దొరల వేట తుపాకులదే. అయినా గొట్టం మీద దుర్భిణి బిగించుకునే ఏర్పాటు ముందే చేసి ఇచ్చారు. వాళ్లు చెయ్యగా లేనిది మనం చేస్తే తప్పేమిటని కుర్రవాడి వాదం.

"ఎనిమిది పలకల గొట్టం మీద నల్లటి దుర్భిణి ఏమిటి బావా! పట్టుపంచె మీద స్వెట్టరు వేసుకున్నట్టుండదూ?" అన్నాడు మావాడు.

తెలుగు మాస్టర్ని గదా, నాకు వెంటనే సీసపద్యం గుర్తొచ్చింది. ఇవాళ్టి కవి సీసం రాస్తే అది పాతదీ కాదు, కొత్తదీ కాదు. గణాలు పాతవి, గుండె కొత్తది. ఆ పద్యంలో సెల్‌ఫోను అనే మాట రావచ్చునా, రాకూడదా అని మా స్టాఫురూములో టీలు చల్లారిపోయేదాకా వాదించుకున్న రోజులున్నాయి. అందుకని మావాడి బాధ నాకు చక్కగా అర్థమయింది. నకలు చేసేవాడు ఏది ఉంచాలో, ఏది మార్చాలో తేల్చుకోవాలి. లోపలి ఉక్కు ఇవాళ్టిదైతే ఎవరూ ఏమీ అనరు. పైకి కనిపించేదాని దగ్గరే వస్తుంది పేచీ అంతా.

మరి పాతకాలంవాళ్లు దుర్భిణి లేకుండా ఎలా కొట్టారు? దానికి మావాడు ఒక కథ చెప్పాడు. 1874 సెప్టెంబరులో న్యూయార్కు దగ్గర క్రీడ్‌మూర్ అనే మైదానంలో ఐర్లండువాళ్లకూ అమెరికావాళ్లకూ పోటీ జరిగింది. ఎనిమిది వందలు, తొమ్మిది వందలు, వెయ్యి గజాల దూరాలు. ఐర్లండువాళ్లవి మూతి దగ్గర మందు కూరే తుపాకులు; అమెరికావాళ్లవి వెనకనుంచి తూటా పెట్టే షార్ప్స్, రెమింగ్టన్ రైఫిళ్లు. అమెరికాకు 934 పాయింట్లు, ఐర్లండుకు 931. ఐర్లండు జట్టులో ఒకాయన గుండు నట్టనడుమ కొట్టాడు గాని, పక్కవాడి బోర్డులో కొట్టాడు! ఆ నాలుగు పాయింట్లూ పోయాయి. ఓడిందేమో మూడు పాయింట్ల తేడాతో. గురి ఎంత బాగున్నా దేనిమీద గురి అన్నది తెలుసుకోవాలన్నమాట.

ఆ షూటర్లు వాడినదానికి టాంగ్ సైటని పేరు. మడమ మొదట్లో, కంటికి దగ్గరగా, నిలబెట్టిన చిన్న ఇనప నిచ్చెన. దానిమీద పైకీ కిందికీ జరిగే బిళ్ల, ఆ బిళ్లకు చిన్న చిల్లు. పక్కన గీతలు. ఫిజిక్సు ల్యాబులో మన పిల్లలు కొలతలు తీసే వెర్నియర్ కొలబద్ద ఉందే, అదే ఏర్పాటు. 1631లో పియర్ వెర్నియర్ అనే ఫ్రెంచివాడు చెప్పిన సూత్రం. గొట్టం కొసన ఒక చిన్న గుండ్రటి గూడు. అందులో కావలసిన రింగు మార్చుకోవచ్చు. చిల్లులోంచి చూడాలి, రింగులో గురిబోర్డు నల్లచుక్క నిలవాలి. అంతే.

ఇంతవరకూ పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్న మా నాయిన అప్పుడు లేచి కూర్చున్నాడు.

"ఏదీ, నాకు సూపెట్టు బిడ్డా" అన్నాడు.

మావాడు ఫోను చేతికిచ్చాడు. నాయిన దాన్ని దగ్గరకూ దూరానికీ జరిపి, "మక్కీ యాడుంది దీనికి?" అని అడిగాడు.

మక్కీ అంటే ఈగ. గొట్టం కొసన ఉండే చిన్న గురిమొనకు మన హైదరాబాదు ఉర్దూలో ఆ పేరు. వెనకదాన్ని దీద్‌బాన్ అంటారు. ఎవరు పెట్టారోగాని, ఈగంత వస్తువుకు ఈగ అనే పేరు పెట్టినవాడు కవే.

"అదుగో మామయ్యా, కొసన కనిపిస్తూందిగా" అని మావాడు బొమ్మను పెద్దది చేశాడు. నాయిన ఇంకోసారి చూసి, "ఫోటో మంచిగ దియ్యలేదు" అని ఫోను తిరిగి ఇచ్చేశాడు. మేమంతా నవ్వాం. అందరికంటె ఎక్కువ నవ్వినవాణ్ణి నేనే. "నాయినా, అమెరికా ఫోనుకు ఆ పేరు పెట్టకు" అని పరాచికం కూడా ఆడాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మా నాయినకు తుపాకి సంగతి తెలియక కాదు. నల్లగొండ జిల్లాలో మా ఊళ్లో తాతకు ఒక భర్మార్ ఉండేది. మూతిలో మందు పోసి, గుండ్లు వేసి, ఇనపకడ్డీతో దట్టించే ఒంటి గొట్టం తుపాకి. పంటల కాపలాకని సర్కారువారు లైసెన్సు ఇచ్చారు. వానాకాలం పంటమీద అడవిపందులు పడితే, మంచె మీద కూర్చున్నది మా నాయినే. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. ఒక్కటే దెబ్బ, తప్పితే రెండోసారి దట్టించేలోగా పందులు చేనంతా దున్నేసిపోతాయి. అందుకని ఆయన దెబ్బ తప్పేది కాదని ఊళ్లో చెప్పుకునేవారు. తాత పోయాక తుపాకిని ఠాణాలో అప్పజెప్పారు. నాయిన పట్నం వచ్చి గుమాస్తా అయ్యాడు. చేతిలో తుపాకి పోయి కలం వచ్చింది గాని, 'గురి' అనే మాట మాత్రం ఆయన నోట అలాగే ఉండిపోయింది. నా చిన్నప్పుడు లెక్క తప్పితే, "నీకు గురి లేదురా" అనేవాడు. మన భాషలో ఆ మాటకు రెండర్థాలు గదా. గుండు తగలవలసిన చోటూ గురే, మనిషి మీద మనిషికి ఉండే నమ్మకమూ గురే.

ఇక్కడ కంటి సంగతి కాస్త చెప్పాలి. వెనక దీద్‌బాన్, ముందు మక్కీ, దూరాన గురిబోర్డు - ఈ మూడూ మూడు దూరాల్లో ఉన్నాయి. మనిషి కన్ను ఒక సమయంలో ఒక్క దూరాన్నే స్పష్టంగా చూడగలదు. పడుచువాడి కంటి కటకం చురుగ్గా మారుతుంది గనక ఎలాగో సర్దుకుంటాడు. నలభై దాటాక ఆ కటకం బిగుసుకుంటుంది. అదే చత్వారం. పేరులోనే నలభై ఉంది చూశారా! నాకు వచ్చి మూడేళ్లయింది. పరీక్ష పేపర్లు చేతులు చాచి పట్టుకుని దిద్దుతూంటే, మా అమ్మాయి "నాన్నా, పేపరుతో సెల్ఫీ దిగుతున్నావా?" అంటుంది.

ఆ అమ్మాయి సంగతి చెప్పనే లేదు. దానికి పధ్నాలుగేళ్లు. మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్సులో పది మీటర్ల ఎయిర్ రైఫిలులో కాంస్యం తెచ్చాడు గదా, ఆ పాత వీడియో చూసి పట్టుబట్టి షూటింగులో చేరింది. అదీ ఒంటి తూటా తుపాకే. మందు లేదు, గాలి ఒత్తిడే. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుళిక ఒక్కొక్కటే పెట్టి కొట్టాలి. పది మీటర్ల దూరంలో ఉన్న కాగితం మీద పదో నంబరు చుక్క అర మిల్లీమీటరు. ఆవగింజ అంతకంటె పెద్దది!

ఆదివారం నాడు మావాడు ఆ రేంజి చూస్తానన్నాడు. నాయినా వస్తానన్నాడు. సరేనని అందరం ఒక కారులో బయలుదేరాం. కారెక్కేముందు వీధి దాటుతూంటే ఒక స్కూటరు నాయినను రాసుకుంటూ పోయింది. స్కూటరువాణ్ణి తిట్టాను. నాయిన ఆ స్కూటరును అసలు చూడలేదన్న సంగతి అప్పుడు కూడా నా బుర్రకెక్కలేదు.

రేంజిలో మా అమ్మాయి రైఫిలు చూడగానే మావాడు ఎగిరి గంతేశాడు. "బావా, ఇదిగో! వెనక చిల్లు, ముందు గూట్లో రింగు. నా షార్ప్స్ మీద ఉండవలసింది అచ్చం ఇదే! నూట యాభై యేళ్లయినా వదల్లేదు చూశావా!" నిజమే. రూపం మారింది, అల్యూమినియం వచ్చింది, తుపాకి చూడబోతే కుట్టుమిషనులా ఉంది. చూసే పద్ధతి మాత్రం ఆ తాతలదే.

కోచిగారు మర్యాదస్తుడు. గుళిక లేదని రెండుసార్లు సరిచూసి, రైఫిలును స్టాండు మీద ఆనించి, నాయినకు కుర్చీ వేశాడు. "చూడండి పెద్దాయనా" అన్నాడు. నాయిన మడమను భుజానికి ఆనించుకున్న తీరు చూస్తే, మధ్యలో అన్నేళ్లు గడిచినట్టే లేదు. చెంప ఆనించి, చిల్లుకు కన్ను చేర్చాడు.

చాలాసేపు కదల్లేదు. మేం మాటలాపేశాం.

"కనవడ్తుంది" అన్నాడు చివరికి.

"ఏం కనిపిస్తూంది తాతా?" అంది మా అమ్మాయి.

"అంతా కనవడ్తుంది బిడ్డా. రింగు కనవడ్తుంది. నడుమ నల్లసుక్క. సుక్క సుట్టూ తెల్లగ. అంచు కోసినట్టుంది." కన్ను తియ్యకుండానే, గొంతు తగ్గించి అన్నాడు: "ఇంత సాఫుగ సూసి శాన దినాలాయె."

ఆ చివరి మాట ఎవరితోనూ అన్నది కాదు. నాకు మాత్రం వినబడింది.

చిన్న చిల్లులోంచి చూస్తే ఎవరికైనా స్పష్టత వస్తుందని కోచిగారు చెప్పాడు. చెదిరిన కిరణాలను అంచు ఆపేస్తుంది. సన్నటి కాంతి మాత్రం లోపలికి పోతుంది. దగ్గరదీ దూరందీ ఒకేసారి తేటపడతాయి. అందుకే చత్వారం వచ్చిన షూటర్లు కూడా చిల్లు సైటుతో నెట్టుకొస్తారట. కంటి డాక్టర్ల దగ్గర కూడా చిల్లుల బిళ్ల ఒకటి ఉంటుంది. దానిలోంచి చూసినప్పుడు అక్షరాలు బాగా కనిపిస్తే, లోపం చాలావరకు అద్దాలతో సర్దుకునేదని వాళ్లకు తెలుస్తుంది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒక్కొక్కటే గుర్తుకు రావడం మొదలుపెట్టాయి. ఆర్నెల్లుగా నాయిన పొద్దున్నే మనవరాలిచేత పేపరు చదివించుకుంటున్నాడు. "దానికి తెలుగు వస్తదిరా" అంటే, ఆహా, మాతృభాషాభిమానం అని మురిసిపోయాను. గంజికి ఉల్లిగడ్డలకు పోవడం మానేశాడు. "మోకాళ్లు" అన్నాడు, నమ్మాను. మెట్రో స్టేషను మెట్ల దగ్గర నా భుజం పట్టుకున్నాడు, ప్రేమ అనుకున్నాను. పప్పులో రాయి వచ్చిందని మా ఆవిడ మీద విసుక్కునే మనిషి, విసుక్కోవడమే మానేశాడు. వయసుతో శాంతం వచ్చిందనుకున్నాం. క్లాసులో పిల్లలకు కవి చెప్పకుండా వదిలేసిన మాటను పట్టుకోండర్రా అని చెప్పే పెద్దమనిషిని నేను! ఇంట్లో మనిషి చెప్పకుండా దాచిన మాట పట్టుకోలేకపోయాను. గురివింద తన కింది నలుపెరగదని ఊరికే అన్నారా?

తెల్లవారుజామున నాయిన లేచాడు. నేను ఒక పాత శుభలేఖకు పిన్నుతో చిల్లు పొడిచి, పేపరుతోపాటు ఆయన చేతిలో పెట్టాను. ఏమిటని అడగలేదు. దీపం దగ్గరకు జరిగి, చిల్లు కంటికి ఆనించుకుని, పెద్దక్షరాల శీర్షికలే కాకుండా, కింది చిన్న వార్తకూడా గడగడా చదివాడు. చదివి, అట్టముక్క ఒళ్లో పెట్టుకున్నాడు.

"ఎన్నాళ్లనుంచి నాయినా?" అన్నాను.

"పోయిన దసరా కాన్నుంచి."

"ఎందుకు చెప్పలేదు?"

ఆయన కొంచెంసేపు ఊరుకున్నాడు. "కండ్లు పోయినయని తెలిస్తే నన్ను బయటికి పోనియ్యరు గద. కూసోబెడ్తరు. మంచె మీద కూసున్నోన్ని, కుర్సీల కూసోబెడ్తె యెట్ల?" అన్నాడు.

జవాబు చెప్పలేకపోయాను. నాయినకు మా మీద గురి తప్పింది. తప్పు ఆయనది కాదు.

ఆ వారంలోనే కంటి డాక్టరు దగ్గరకు తీసుకుపోయాం. చిల్లుల బిళ్ల పెట్టి చదివించాడు. అద్దాల పవరు బాగా మారింది. కుడికంట్లో శుక్లం కూడా ముదిరింది. ఆపరేషను గంటసేపు కూడా పట్టలేదు. మర్నాడు కట్టు విప్పితే మొదట మనవరాల్ని చూశాడు. "బక్కగైనవేంది బిడ్డా, మీ అమ్మ తిండి పెడ్తలేదా?" అన్నాడు. ఈ దెబ్బతో మా ఆవిడకు ఆయన పాత మామగారే తిరిగి వచ్చారు.

మావాడు టెక్సాస్ వెళ్లిపోయాడు. దుర్భిణి పెట్టించలేదు. వెర్నియర్ నిచ్చెన, గూటి మక్కీ తెప్పించి బిగించుకున్నాడు. మొన్న ఫోటో పంపించాడు. కొడుకు కూడా చిల్లులోంచి చూసి, "బాగానే ఉంది" అని ఒప్పుకున్నాడట. పదిహేనేళ్లవాడి నోట అంతకంటె పెద్ద మెప్పు ఆశించకూడదు.

ఫోను నాయిన చేతికిచ్చాను. కొత్త అద్దాలు సవరించుకుని చూశాడు.

"మక్కీ సన్నగుంది. మంచి పనితనం" అన్నాడు. తర్వాత తలెత్తి హాలు నాలుగు మూలలా ఓసారి కలియజూశాడు. "ఆ మూల గోడకు సున్నం రాలుతుంది. ఎన్నాళ్లాయె? నువ్వు సూస్తలేవా?"

నేను చేతులు బారచాచి పట్టుకున్న పరీక్ష పేపరు దించి, గోడవంక చూశాను. నిజమే, రాలుతూంది.

"నీ కండ్లు గూడ డాక్టరుకు సూపెట్టాలె. రేపు నేను తోలుకపోత" అన్నాడు మా నాయిన.